పసుపు కూడా పచ్చే కదా సార్

కరుణక్క ఇంటి నుంచి ఫోన్ వస్తే మాట్లాడేది ఎప్పుడూ అక్కే. బావ వెనక నుంచి "బాగుండావా" అని ఒక్క ముక్క అని ఊరుకుంటాడు.

నిన్న పొద్దున ఫోన్ ఎత్తితే బావ గొంతు.

అక్క పోయిందన్నాడు.

హార్ట్ ఎటాక్. హాస్పిటల్‌కి తీసుకెళ్ళే టైమ్ కూడా ఇవ్వలేదట.

ఫ్యామిలీ గ్రూప్‌లో అందరూ "ప్రభువునందు నిద్రించెను" అని పెడుతున్నారు. అక్క పగలు కునుకు తీయడం కూడా నేనెప్పుడూ చూడలేదు. ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు.

ఏడుపు పోస్ట్ పెడితే అక్క ఊరుకునే మనిషి కాదు. అందుకే నవ్వించిన సంగతే రాస్తున్నా.

తెలియని వాళ్ళకి, అక్క మా పెద్దమ్మ కూతురు. చిల్లకూరు దగ్గర వరి పొలాల్లో పెరిగింది. అగ్రికల్చర్ బీఎస్సీ చేసి, జువ్వలదిన్నె అవతల సముద్రం ఒడ్డున ఉన్న గోల్ఫ్ కోర్స్‌లో గడ్డి బాధ్యత మొత్తం చూసే ఉద్యోగంలో చేరింది.

తరతరాలుగా కలుపు పీకిన వంశంలో పుట్టి గడ్డి పెంచుతోందని మా మేనమామ ఒకటే ఎగతాళి. పెద్దమ్మ చర్చిలో మా అమ్మాయి గడ్డి పెంచుతుందని గొప్పగా చెప్పుకుంటే, పక్కావిడ బర్రెలు ఎన్నున్నాయని అడిగిందట.

రెండేళ్ళ కిందట ఆ కోర్స్‌కి ఒక ప్రొఫెషనల్ టోర్నమెంట్ వచ్చింది. ఎండలు ముదిరాక. టీవీలో లైవ్.

"పర్యావరణహిత టోర్నమెంట్" అని పెద్ద పెద్ద పోస్టర్లు. ప్లాస్టిక్ సీసాలు లేవు, గుడ్డ బ్యానర్లు, కాగితం స్ట్రాలు. అన్నీ బాగానే ఉన్నాయి.

అక్క మాత్రం, "స్ట్రాల సంగతి సరే, బోర్ల సంగతేంది?" అంది.

తీరంలో బోర్లు మితిమీరి తోడితే సముద్రం నేల కిందుగా లోపలికి వస్తుంది. పక్కనున్న పాళెంలో చేతిపంపు నీళ్ళు అప్పటికే కాస్త ఉప్పు తగులుతున్నాయి. అక్కడి ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని మెయిన్ రోడ్డు దాకా నడుస్తున్నారు. టోర్నమెంట్ కోసం కోర్స్ మోటార్లు పొద్దస్తమానం తిప్పితే ఆ పంపు ఇక పనికిరాదని అక్క భయం.

టోర్నమెంట్ డైరెక్టర్ హైదరాబాద్ ఆయన. మన తెలుగాయనే. ఫోన్ చేసి, టీవీ వాళ్ళు వస్తున్నారు, గడ్డి పచ్చగా ఉంటుంది కదా అని అడిగాడు. అక్క తడుముకోకుండా చెప్పింది. "పచ్చగానే ఉంటది సార్."

ఫోన్ పెట్టేసి మోటార్లు ఆపించింది.

గోల్ఫ్‌లో బంతి పడాల్సిన గుంట చుట్టూ నున్నగా కత్తిరించిన గడ్డి ఉంటుంది. దాన్ని గ్రీన్ అంటారు. క్లబ్‌హౌస్‌లో వాడిన నీళ్ళు శుద్ధి చేసి ఆ గ్రీన్‌లకి మాత్రం పెట్టించింది. మిగతా మైదానానికి చుక్క లేదు.

డైరెక్టర్ గారు వారం ముందు దిగారు. వాలంటీర్‌గా నన్ను కూడా అక్క అక్కడే పడేసింది, స్నాక్స్ స్టాల్ డ్యూటీ. కార్ దిగి ఆయన చూసేసరికి మైదానం అంతా కోతలైన చేను లాగా ఉంది.

ఆయన అక్క వైపు తిరిగాడు. పచ్చగా ఉంటుందన్నారు కదమ్మా అన్నాడు.

"పచ్చగానే ఉంది గదా సార్. పసుపు కూడా పచ్చే. పచ్చకామెర్లు ఏ రంగు?"

నేను శనగల గిన్నెలో తల దూర్చాను. పనివాళ్ళు సముద్రం కేసి తిరిగారు.

ఆయన నవ్వలేదు. అక్క కూడా నవ్వు ఆపేసింది.

"ఆట చెడదు సార్, అది నా పూచీ. ఈ గడ్డి ఒక్క వానకి మళ్ళా లేస్తది. పాళెంలో నీళ్ళు ఉప్పైపోతే మళ్ళా తియ్యగా చేసే విద్య నాకు రాదు."

ఆటగాళ్ళలో ఒక్కరు పేచీ పెట్టినా ఆ రోజే అక్కని ఇంటికి పంపిస్తానన్నాడు. అక్క సరేనంది.

మొదటి రోజు పొద్దున ఒక సీనియర్ ఆటగాడు కొట్టిన బంతి గట్టి నేల మీద పడి దొర్లింది. దొర్లుతూనే ఉంది. అందరం ఆయన మొహం చూస్తున్నాం.

ఆయన పకపకా నవ్వాడు. ఇలాంటి నేల మీద బలం ఒక్కటే చాలదు, బుర్ర కూడా పెట్టాలి, భలే ఉంది అన్నాడు.

సాయంత్రం డైరెక్టర్ గారు టీవీలో, మైదానం పసుపురంగులో ఉండాలని తాము మొదటినుంచీ ప్లాన్ చేశామని చెప్పాడు. స్టాల్ దగ్గర అడ్డాకు దొన్నెలో శనగలు తింటూ అది విన్న అక్కకి పొలమారింది. నవ్వీ నవ్వీ కళ్ళ వెంట నీళ్ళు.

ఆ దొన్నెల కోసం పాళెం మేకలు కోర్స్ లోకి దూరాయి. సెక్యూరిటీ వాళ్ళు తరుముతుంటే అక్క అడ్డం పడింది. చెత్తబండి పని అవే చేస్తున్నాయి, ఉండనీండి అంది. ఆ మేకలు కూడా టీవీలో వచ్చాయి.

అప్పట్నుంచీ అక్కడ ఎండాకాలం అంతా గ్రీన్‌లకే నీళ్ళు. అక్క మాట కాదని ఇంకెవరూ మోటార్ వేయలేదు.

ఈ రోజు సమాధి చేసి వచ్చేసరికి ఇంటినిండా జనం. ఎండ మాడిపోతోంది. ఎవరికి నీళ్ళివ్వాలో, ఎక్కణ్ణుంచి తేవాలో బావకి తెలియడం లేదు.

పాళెం ఆడవాళ్ళు ఆటోలోంచి నీళ్ళ బిందెలు దించారు. ఎవరూ అడగలేదు. గ్లాసులు కడిగి వాళ్ళే అందరికీ అందించారు.

ఒక గ్లాసు తాగి, ఇవి ఎక్కడివని అడిగాను.

"మా పంపువే అన్నా. మోటార్లు ఆగినాక ఉప్పు తగ్గింది. మీ అక్క నిలబెట్టిన నీళ్ళు."

నిన్నటి నుంచి బిగబట్టుకున్న ఏడుపు అప్పుడు వచ్చింది.

నీళ్ళు తియ్యగా ఉన్నాయక్కా. వెళ్ళిరా. ప్రభువు దగ్గర నీకు నెమ్మది దొరకాలి.