ఆలస్యంగా పడిన ముక్క

మా ల్యాప్‌టాప్‌లో పేకాట ఒక రోజు పరుగెత్తేది, ఒక రోజు నడిచేది. ఇందులో ఏదో మోసం ఉందని మొదటి వారంలోనే కనిపెట్టాను. నాకు అనుమానం పుట్టడానికి పెద్ద కారణం అక్కర్లేదని మా ఆయన అంటారు. పాలవాడు నవ్వితే నీళ్ళెన్ని కలిపాడో అని గిన్నెలోకి తొంగిచూసే మనిషిని, ఒప్పుకుంటాను. కానీ ఈసారి నా గొడవ వట్టి ఆట గురించి కాదు.

అంతకు ముందు వేసవిలో నాకు చిన్న స్ట్రోక్ వచ్చింది. మాట, కుడిచెయ్యి కొన్నాళ్ళు తడబడి మళ్ళీ దారిలో పడ్డాయి. "బాగా కోలుకున్నారండీ" అని డాక్టరుగారు నవ్వారు. ఆ నవ్వూ నాకు నచ్చలేదు. గుడివాడలో అక్కావాళ్ళింట్లో నెలకోసారి కూర్చునే పేకాటకి నేను అప్పటి నుంచి వెళ్ళలేదు.

మా అమ్మ ప్రార్థన మనిషి. ఆవిడ ఉన్నన్నాళ్ళూ మా ఇంటి గుమ్మం దాటి పేకముక్క లోపలికి రాలేదు. అక్కని చేసుకున్నాక బావగారే మా అందరికీ దొంగచాటుగా రమ్మీ నేర్పారు. డబ్బులు పెట్టం, పరువు పెడతాం. ఆయన ముక్క వేస్తే చాప మీద చప్పుడు రావాల్సిందే. మనం కాస్త ఆలోచిస్తే చాలు, "ఏంటమ్మాయ్, కోత కోసి, నూర్చి, బియ్యం పట్టించాక వేస్తావా?" అని అందరినీ నవ్వించేవారు. ఆ వేగం ముందు కూర్చుని ఆడగలిగితేనే నాకు నయమైనట్టు. నా కోసం అక్కడ ఎవరైనా చెయ్యి నెమ్మది చేశారంటే, ఇక నేను రోగినే.

అందుకని ఇంట్లో సాధన మొదలుపెట్టాను. యంత్రంలో నాతో ఆడేవాళ్ళు ముగ్గురు, పేర్లు లేవు, టోపీలున్నాయి. అవతలి మనిషి ముక్క వేయడానికి తటపటాయిస్తే చేతిలో బాగోలేదని అర్థం. అది బావగారు నేర్పిన మొదటి పాఠం. టోపీవాళ్ళు నిదానించిన రోజున నేను ధైర్యంగా ఆడి గెలిచేదాన్ని. టపటపా వేసిన రోజున ఓడిపోయేదాన్ని. అంటే ముక్కలు బాగా పడ్డ రోజున వాళ్ళకి పొగరెక్కుతోందని తేల్చుకున్నాను. ముక్కల్ని బట్టి యంత్రం తటపటాయించదని మా ఆయన ఎంత చెప్పినా చెవిన పెట్టలేదు.

అయినా ఎందుకైనా మంచిదని బందరు బస్టాండు దగ్గరి కంప్యూటర్ షాపుకి పట్టుకెళ్ళాను.

"బ్యాటరీ మీద ఆడితే అదే స్పీడు తగ్గించుకుంటదండీ. వేడెక్కినా తగ్గుద్ది. వెనకాల అప్‌డేట్లు గట్రా నడుస్తున్నా ఆట లాగుద్ది. మంచం మీద పెట్టుకుని ఆడతారాండీ?" అన్నాడు షాపతను.

ఆడే మాట నిజమే. ఇతనికెలా తెలిసిందా అని కాసేపు అతన్నీ అనుమానించాను. ఫ్యానులో దుమ్ము తీసిచ్చాడు. అతను చెప్పినట్టే బల్ల మీద పెట్టి, చార్జర్ తగిలించి ఆడాను. అయినా ఒకరోజు నడకే, మర్నాడు పరుగే.

అప్పుడు ఇంకోటి పట్టుకున్నాను. పరుగెత్తే రోజులన్నీ మా ఆయన ఇంట్లో లేని రోజులు. అవనిగడ్డలో వాళ్ళ చెల్లెలు ఇల్లు కట్టుకుంటోంది. పని చూసి రావడానికి ఆయన వారంలో రెండు మూడుసార్లు పొద్దున్నే బస్సెక్కేవారు. ఆ రోజుల్లో యంత్రాన్ని నేనే తెరుచుకునేదాన్ని. మిగతా రోజుల్లో నేను స్నానం చేసి వచ్చేసరికి ఆయనే ఆట తెరిచి, పక్కన కాఫీ పెట్టి ఉంచేవారు. కాపురంలో ఎన్నడూ లేని ఈ సేవ ఎందుకా అని ముందే ఆలోచించాల్సింది.

మర్నాడు స్నానాల గదిలో కుళాయి తిప్పి వదిలేసి, తలుపు చాటు నుంచి చూశాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఆట తెరిచారు. మూలనున్న చక్రం గుర్తు నొక్కారు. ఒక గీత, దానికి ఒక చివర కుందేలు బొమ్మ, ఒక చివర తాబేలు బొమ్మ. ఆయన గుండీని జాగ్రత్తగా తాబేలు వైపు జరిపారు. ఆట మూసేస్తే ఆ గుండీ మళ్ళీ కుందేలు దగ్గరికే పోతుందట, అందుకని రోజూ జరుపుతున్నారు.

"ఏం చేస్తున్నారు?" అన్నాను.

ఆయన ఉలిక్కిపడ్డారు. "వాళ్ళు మరీ తొందరపెడుతున్నారు. ఓడిపోయిన రోజు నువ్వు అన్నం కెలికి లేచిపోతున్నావు. అందుకని..."

"అందుకని నన్ను మోసం చేస్తారా?"

"గెలిచిన రోజు నవ్వుతున్నావు కదా అని."

నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. కోపమే ముందు బయటపడింది. ఆ పూట మాడిన ఉప్మానే ఆయనకి పెట్టాను. తర్వాత నుంచి కుందేలు వైపే ఆడాను. వరసగా ఓడిపోయాను. ఓడగా ఓడగా ఎప్పుడో ఒకటి గెలిచాను. అది చాలనుకుని గుడివాడ వెళ్దామన్నాను.

"అక్కకి ఫోన్ చేసి ఏమైనా చెప్పారా?" అని బస్సులో అడిగాను. లేదన్నారు. నమ్మలేదు.

భోజనాలయ్యాక చాప పరిచారు. అక్క పంచింది. నాకు ముందు బావగారి చెయ్యి. ఆయన ముక్క తీశారు, చూశారు, మళ్ళీ చూశారు. ఒక ముక్క సగం లాగి వెనక్కి తోశారు. చివరికి వేసింది చప్పుడు లేకుండా వేశారు. రెండోసారీ అంతే, అప్పుడు పడిన ఇస్పేటు ఎనిమిదిని నేను ఎత్తుకున్నాను. మూడోసారి మధ్యలో మంచినీళ్ళు అడిగారు. నేను కావాలని ఆలస్యం చేసి చూశాను. కోత, నూర్పిడి మాట ఆయన ఎత్తనే లేదు. అక్క ఎవరివైపూ చూడటం లేదు. మా ఆయన తన ముక్కల్ని పరీక్ష పేపరు చదివినట్టు చదువుతున్నారు. ఇక్కడ కూడా గుండీ జరిపేశారని నాకు అర్థమైపోయింది.

"బావగారూ, నా మీద ఎవరూ జాలిపడక్కర్లేదు. మీ స్పీడులో మీరు ఆడండి. ఓడితే ఓడతాను" అన్నాను. గొంతు పెద్దదే అయింది.

ఆయన తలెత్తారు.

"నా స్పీడులోనే ఆడుతున్నానమ్మా" అన్నారు.

అప్పుడు చూశాను ఆయన చెయ్యి. ముక్కల అంచులు సన్నగా వణుకుతున్నాయి. బొటనవేలితో గట్టిగా అదిమి పట్టుకున్నా ఆగడం లేదు.

"వానాకాలం నుంచీ ఇంతేనే. అసలే నీ ఒంట్లో బాలేదని నీకు చెప్పలేదు" అంది అక్క.

నాకు తలెత్తుకోవాలంటే సిగ్గేసింది. వచ్చినప్పటి నుంచి అందరి ముఖాలూ వెతికాను, ఆయన చెయ్యి తప్ప. ఆయన వేయాల్సిన ముక్క ఇంకా పడలేదు. చివరికి పడింది.

నా వంతు. పేకలోంచి తీసిన ముక్కతో నా వరసలన్నీ కుదిరాయి, గెలిచినట్టే. షో పెట్టాలి. పెట్టబుద్ధి కాలేదు. కుదిరిన వరసలోంచే ఇస్పేటు తొమ్మిది తీసి పడేశాను.

బావగారు ఆ తొమ్మిదిని చూశారు. తర్వాత నన్ను చూశారు.

"ఇందాక ఎనిమిది ఎత్తుకున్నావు, ఇప్పుడు తొమ్మిది పడేస్తావా? ఎవర్నమ్మా మోసం చేస్తున్నావు? తీసుకో అది. షో పెట్టు."

తొమ్మిదిని వెనక్కి తీసుకుని, ముక్కలన్నీ చాప మీద తిప్పి పెట్టాను.