నేను పంచి ఇచ్చిన మాత్రలు

చిత్తూరులో జాతకాల పిచ్చికి వ్యతిరేకంగా మాట్లాడుతున్నాను. దగ్గు వచ్చి నోటికి రుమాలు అడ్డం పెట్టుకున్నాను. తీసి చూస్తే ఎర్రగా ఉంది. ముందు వరసలో మునస్వామి నవ్వాడు.

"వక్కాకు నమిలి వచ్చినావా అబ్బా మీటింగుకు?"

నాకు వక్కాకు అలవాటు లేదు. మునస్వామి నగరి ఊళ్ళో మగ్గం నేస్తాడు. మా హేతువాద సంఘంలో నాకు కుడిభుజం.

తిరుపతిలో ఆస్పత్రికి వెళ్ళాను. ఎక్స్‌రే, మూడుసార్లు కఫం పరీక్ష. "టీబీ. ఏడాదిన్నర మందులు. ఒక్కరోజు మానకూడదు" అన్నాడు డాక్టరు. రెండు నెలలు స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్లు, రోజూ మాత్రలు. దగ్గు తగ్గింది, ఒళ్ళు చేసింది.

అప్పుడు మునస్వామి దగ్గడం మొదలుపెట్టాడు. ఆస్పత్రికి రమ్మన్నాను.

"టీబీ అని తెలిస్తే నా పక్క మగ్గంలో ఎవురు కూసుంటారప్పా? నీ మాత్రలే కొన్ని ఇయ్యి, సాలు."

తనను తాను ప్రేమించుకునేవాడు సమాజానికి పనికిరాడని పదేళ్ళుగా ఉపన్యాసాలిస్తున్నవాణ్ణి. కాదని ఎలా అంటాను? ఒకరోజు మాత్రలు నాకు, మరునాటివి అతనికి. ఎంత సంతోషపడ్డానో చెప్పడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

నా భార్య పసిగట్టింది. "సగం మింగితే రోగం పోతాదని మీ సైన్సులో రాసుండాదా?"

ఆడవాళ్ళ భయమని కొట్టిపారేశాను. నేను, హేతువాదిని!

మరి మూడు నెలలకు ఇద్దరికీ రక్తం పడింది. ఈసారి అతన్ని బలవంతాన తీసుకెళ్ళాను. డాక్టరు రెండు ఎక్స్‌రేలూ వెలుతురుకు ఎత్తి చూశాడు. పరీక్షలన్నీ అయ్యాక "రెసిస్టెన్స్" అన్నాడు. "ఈ మందుకు మీ క్రిములు చావవు. సరిగా మింగినారా?"

పంచుకున్నామని చెప్పాను, కాస్త గర్వంగానే.

"నీకూ లేకుండా, ఆయప్పకూ లేకుండా చేసినావు కదయ్యా. నీ ప్రాణం మీద నీకు తీపి ఉండుంటే, నీ మాత్రలు నువ్వే మింగి, ఆయప్పను అప్పుడే ఈడికి లాక్కొచ్చుందువు."

ఏ సభలోనూ జవాబు లేకుండా దిగనివాణ్ణి. ఆ రోజు ఆయన రాసిన చీటీ తీసుకుని మందుల వరసలో నిలబడ్డాను.

మందులు మార్చారు. నాకు పనిచేశాయి. అతనికి చేయలేదు. పోయే ముందురోజు నా చెయ్యి పట్టుకుని, "నీ మాత్రలు నాకిచ్చినావు, ఎవురిస్తారప్పా?" అన్నాడు. డాక్టరు కూడా నన్నంత కోసే మాట అనలేదు.

నా ఒంటికి నేను ఇవ్వని విలువ అతని ఒంటికి ఎక్కణ్ణుంచి తెచ్చి ఇస్తాను? నేను ప్రేమించింది నా త్యాగాన్ని, మునస్వామిని కాదు.

ఇప్పుడు పది నిమిషాలు మాట్లాడితే ఆయాసం వస్తుంది. అందుకని ఒక్కటే చెబుతాను. మీ మందు చివరి మాత్ర దాకా మీరే మింగండి. పక్కవాడు దగ్గుతుంటే బస్సెక్కించి, ఆస్పత్రి వరసలో అతని పక్కన నిలబడండి.