‘అర్థం కాలే సార్’ అనే పిల్ల

ఇప్పుడు ఎవురైనా నా ముందర ఆన్‌లైన్ పాఠాల గొప్ప చెప్తే నాకు కడుపు మండుతుంది. పిల్లోళ్ళు తెర ముందర కదలకుండా కూర్చోవాలంటే ఏం చెయ్యాలని మీటింగులు పెడతారు, అనుభవం ఉన్నోణ్ణని నన్ను గూడా పిలుస్తారు. నేను పోను. పోతే నోరు జారతాను. రిటైరైన మనిషికి ఈ కోపమేందిరా నాయనా అనుకుంటారని ఊరకుంటా ఉండాను.

నేను లెక్కల అయ్యవారిని. కాపురం మదనపల్లెలో, స్కూలు పెద్దపంజాణి దిక్కున ఒక పల్లెలో. పొద్దున్నే బస్సెక్కి పుంగనూరులో దిగి, ఇంకో బస్సు పట్టుకోని పోవాల. తొంభైల్లో మా స్కూలుకు ఒక రేడియో వచ్చింది, దాంట్లో పాఠాలు చెప్తారని. మా హెడ్మాస్టరు దాన్ని బీరువాలో పెట్టి బీగమేసి, క్రికెట్ ఉన్న రోజు మాత్రం బయటికి తీసేవాడు. ఎవురికీ ఏ నష్టమూ కాలేదు. నేను బోర్డు మీద చెప్పేవాణ్ణి, పిల్లోళ్ళు వినేవాళ్ళు.

రెండువేల సంవత్సరం దాటినాక ఎనిమిదో తరగతిలోకి ఒక పాప వచ్చింది. టమోటా పెట్టే రైతు కూతురు. సన్నగా ఉండేది, కిటికీ పక్కన కూర్చునేది. మొదటి రోజే పాఠం చెప్పి, అందరు అయ్యవార్లూ అడిగినట్టే ‘అర్థమైందా?’ అన్నాను. ‘అయింది సా...ర్’ అని క్లాసంతా రాగం తీసింది. రాగం అయిపోయినాక కిటికీ పక్క నుంచి ఒక గొంతు లేచింది. “నాకు అర్థం కాలే సార్.”

అందరూ పగలబడి నగినారు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు ఇదేందే ఈ పిల్ల అనుకున్నాను. సరేలే అని మళ్ళా చెప్పినాను. చెప్తా చెప్తా చూస్తే, ఇందాక రాగం తీసిన వాళ్ళల్లో సగం మంది తలకాయలొంచి బిరబిరా రాసుకుంటా ఉండారు. వాళ్ళకూ అర్థం కాలేదు దొంగనాయాళ్ళకు! నోరు తెరిచి చెప్పింది ఈ పిల్లొకతే.

ఆ పొద్దు నుంచి అది మా క్లాసు పద్ధతి అయిపోయింది. లెక్క చెప్పి కిటికీ దిక్కు చూస్తాను. ఆ పాప ‘కాలే సార్’ అంటే ఇంకో రకంగా చెప్తాను, ఎండలోకి తీసుకపోయి కరెంటు స్తంభం నీడ కొలిపిస్తాను, ఏదో ఒకటి. ‘ఆ, ఇప్పుడైంది’ అంటేనే ముందుకు పోతాను. “మే, ఇప్పుడన్నా అయిందా మే?” అని పిల్లోళ్ళు దాన్ని ఆట పట్టించేవాళ్ళు. అది సిగ్గుపడేది కాదు. “నీకు అర్థమైంటే నువ్వు పోయి బోర్డు మీద చెయ్యి పో” అనేది.

పదో తరగతికి వచ్చిన ఏడాది వాళ్ళ నాయన స్కూలుకొచ్చినాడు. భుజం మీది తువ్వాలకు టమోటా మరకలు. “సారూ, ఒకే తూరికి పాసైతే మదనపల్లెలో కాలేజీకి పంపిస్తా. తప్పిందంటే తోటలోకే. మళ్ళా మళ్ళా రాయించే ఓపిక నాకు లేదు. దానికి మిగతావన్నీ వస్తాయంట, లెక్కలంటేనే దిగులు” అన్నాడు.

“నేనుండాను కదప్పా, నీకు దిగులు యాల?” అన్నాను.

ఆ మాట అన్న రెండు నెలలకే నాకు ఆర్డరొచ్చింది. కుప్పంలో ఒక రూములో కెమెరా పెట్టినారంట. ఆడ నిలబడి ఒక్క అయ్యవారు చెప్తే లైను మీద చాలా స్కూళ్ళకు ఒకేసారి టీవీలో వస్తాదంట. పిల్లోళ్ళు ఈడ మైకులో మాట్లాడితే ఆడికి వినబడతాదంట. లెక్కలు చెప్పేదానికి నన్ను ఏరినారు. “మీ క్లాసులో పిల్లలు బాగా మాట్లాడతారని పేరు సార్, అందుకే” అని చెప్పినారు. నేను పోనన్నాను. నా పదో తరగతి ఏమైపోవాలన్నాను. మా హెడ్మాస్టరు నగినాడు. “యాడికి పోతాండావప్పా నువ్వు? రోజూ టీవీలో ఈడే ఉంటావు కదా!”

పలమనేరు మీద కుప్పం పోయినాను. చిన్న రూము తీసుకున్నాను. టీ అంగడి కాడ ఒకడు అరవంలో అడిగితే ఇంకొకడు కన్నడంలో బదులు చెప్పేవాడు, అంగడాయన తెలుగులో చిల్లర లేదనేవాడు, అందరికీ అన్నీ అర్థమయ్యేవి. కెమెరా రూములో మాత్రం నా తెలుగు పనికిరాలేదు. ప్రాజెక్టు చూసుకునే ఇన్‌చార్జి ఒక కుర్రాయన, టై కట్టుకోనుండేవాడు. “సార్, ‘ఉండాది’ అనకండి, ‘ఉంది’ అనండి” అన్నాడు. సరేలెమ్మని నాలుక తిప్పుకున్నాను. నాలుక తిప్పుకుంటే పోయేదేముంది!

మొదటి వారమే జరిగింది ఇది. ఆ పొద్దు పాఠం చూసేదానికి పెద్దోళ్ళెవురో వచ్చి వెనకాల కుర్చీల్లో కూర్చోనుండారు. త్రికోణమితి మొదలుపెట్టినాను. ఒక మెట్టు చెప్పి, అలవాటు కొద్దీ ‘అర్థమైందా?’ అన్నాను. స్పీకరు పెట్టెలో నుంచి చాలా స్కూళ్ళ రాగం ఒకేసారి వచ్చింది, ‘అయింది సార్’ అని. ఆ రాగం ఆగినాక, గరగరమనే ఆ పెట్టెలో నుంచి నాకు బాగా తెలిసిన గొంతొకటి వచ్చింది.

“నాకు అర్థం కాలే సార్.”

నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. ఆ కెమెరా రూములో మొదటిసారి ఒక మనిషి మాట వినబడింది. “సరేమ్మా, కరెంటు స్తంభం నీడ తెలుసు కదా, ఆడి నుంచి వద్దాం రా” అని మళ్ళా చెప్పినాను. చెప్పి అడిగితే, ఈసారి ఇంకేదో ఊరి నుంచి ఒక పిలగాడు, “సార్, మాకూ కాలే సార్!” అన్నాడు. గుడుపల్లె దిక్కు నుంచి ఇంకొకరు, సగం అరవం కలిపి ఏందో అడిగినారు. ఇంకో స్కూలు వాళ్ళు వాళ్ళకు బదులు చెప్పబోయినారు. ఒకటే గోల! ఇన్ని ఊళ్ళ పిల్లోళ్ళు ఒకే లెక్క మీద పడి కొట్లాడతా ఉంటే ఇంతకు మించి ఒక అయ్యవారికి ఏం కావాల? నేను చెమటలు కారతా ఉంటే నగతా చెప్తానే ఉండాను. టైము అయిపోయింది. అనుకున్న పాఠంలో సగం గూడా కాలేదు.

పెద్దోళ్ళు పోయినాక ఇన్‌చార్జి నన్ను పక్కకు పిలిచినాడు. మొగం ఎర్రగా చేసుకోనుండాడు. “ఒక్క అమ్మాయి కోసం ఇన్ని స్కూళ్ళను ఆపేస్తారా సార్? ఎంత డిస్టర్బెన్సు!” అన్నాడు. మరుసటి రోజు పోయేసరికి ఆ పెట్టె మూగపోయింది. స్కూళ్ళ నుంచి వచ్చే గొంతులన్నీ కట్ చేసి పారేసినారు. నా చేతికి ఒక పద్ధతి ఇచ్చినారు: ‘అర్థమైందా?’ అని అడగాల, కొంచెంసేపు కెమెరా దిక్కు నగుమొగంతో చూడాల, ‘వెరీ గుడ్’ అనాల, ముందుకు పోవాల. చెప్పేవానికి వినేవాడు లోకువ అంటారు, ఈడ వినేవాళ్ళకు నోరే లేకుండా చేసినారు.

నేను కొట్లాడినాను. ఆ ‘వెరీ గుడ్’ అననన్నాను. పాఠాన్ని రికార్డు గూడా చేస్తాండారు, అనకపోతే దాంట్లో ఖాళీ వస్తాదని, సాయంత్రం మళ్ళా మొదటి నుంచి చెప్పించినారు. మా స్కూలుకు వేరే లెక్కల అయ్యవారినైనా పంపించండని ఆఫీసు చుట్టూ తిరిగినాను. “అక్కడ లెక్కల సారు లేడని ఎట్లంటారు? మీరు రోజూ ఉండారు కదా టీవీలో” అన్నారు. హెడ్మాస్టరు నగులాటకు అన్న మాటనే వీళ్ళు ఫైలు ముందర పెట్టుకోని నిజంగా అన్నారు. ఆదివారాలు పోయి చెప్పొద్దామంటే ఆదివారాలే రికార్డింగులు పెట్టేవాళ్ళు.

ఒక పండగకు ఒక రోజు ముందే సెలవు పెట్టుకోని స్కూలుకు పోయినాను. నా పిల్లోళ్ళు చుట్టూ చేరినారు. టీవీలో తెల్లగా అగపడతాండారు సార్ అన్నారు. ఒక పిలగాడు నా మాదిరి నిలబడి నన్ను అనుకరించి చూపించినాడు. “మీరు ‘అర్థమైందా?’ అంటారు సార్. ఇది ‘కాలే సార్’ అంటాది. మీరు నగి ‘వెరీ గుడ్’ అంటారు. మేము పడీపడీ నగుతాము!” కిటికీ పక్క పాప తల వంచుకోని గోరుతో బెంచీ గీకతా ఉండాది. నాకు ఆ పిలగాని మీద కోపం రాలేదు. ఆ టై కట్టుకున్నాయన మీద, ఆ ఆఫీసు మీద, వాళ్ళ లైను మీద వచ్చింది. థూ, ఏం బతుకురా ఇది అనుకున్నాను. “మీ మాట నాకు వినబడదమ్మా, వాళ్ళు కట్ చేసినారు” అని పాపకు చెప్పినాను. తల ఊపింది. పదహైదేళ్ళ పిల్ల దాన్ని ఏమని అర్థం చేసుకుంటుంది? రోజూ తనకు తెలిసిన సారే, తన మాటకు నగి ముందుకు పోతా ఉంటే?

పరీక్షలు దగ్గర పడినాక నన్ను ఇడిచిపెట్టినారు. బస్సు దిగి నేరుగా క్లాసుకే పోయినాను. సుద్దముక్క పట్టుకోని స్తంభం లెక్కే మొదలుపెట్టినాను. “అర్థమైందా?” అని అడిగి కిటికీ దిక్కు చూసి నిలబడినాను.

“అయింది సా...ర్” అన్నారు అందరూ. కిటికీ పక్క పాప గూడా రాగం తీసింది.

సంతోషపడి, రామ్మా, చేసి చూపించు అన్నాను. వచ్చి బోర్డు ముందర నిలబడింది. స్తంభం గీసింది. నీడ గీసింది. ఆడి నుంచి చెయ్యి కదల్లేదు.

“అర్థం కాకపోతే చెప్పాల కదమ్మా. ఎప్పుడూ చెప్పేదానివే కదా, ఇప్పుడు యాల చెప్పలే?”

“చెప్తానే ఉంటి సార్” అనింది మెల్లగా. “మీరే ఆగలే.”

ఉన్న కాస్త దినాలూ పొద్దున, సాయంత్రం కూర్చోబెట్టి చెప్పినాను. చెప్పిన ప్రతి లెక్కకూ ‘అయింది సార్’ అనేది. ఏది అయిందో ఏది కాలేదో నాకు తెలిసే దారే లేకపోయింది. రెండేండ్ల పైన ఆ పిల్ల గొంతు పట్టుకోనే నేను పాఠం నడిపినాను, అది పోయినాక నేను గుడ్డోణ్ణే.

పాప తప్పింది. లెక్కలొకటే పోయింది, మిగతావన్నీ మంచి మార్కులు.

నేను తోటకాడికి పోయినాను. వాళ్ళ నాయన నన్ను చూసి కోపం చేసుకోలేదు, మంచమేసి కూర్చోబెట్టినాడు. “మీరేం చేస్తారులే సారూ. టీవీలో బాగా చెప్పినారంట, ఊరంతా అనుకున్నారు. దీని తలకే ఎక్కలేదు” అన్నాడు. పాప టమోటాలు ఏరి డబ్బాల్లో సర్దతా ఉండాది.

దగ్గరికి పోయి కూర్చున్నాను. “మళ్ళా పరీక్షుంటాదమ్మా. నేను ఈ స్కూలు ఇడిచి యాడికీ పోను. రోజూ ఇంటికొచ్చి చెప్తాను. ఎన్ని తూర్లు కాలేదన్నా అన్ని తూర్లు చెప్తాను. నీ తప్పేం లేదు దీంట్లో, నీ గొంతు నాదాకా రాకుండా చేసినారు వాళ్ళు. నేను చెప్పేది అర్థమైందామ్మా?”

టమోటాల మీద నుంచి తల ఎత్తలేదు. చేతులు గూడా ఆపలేదు.

“అయింది సార్” అనింది.