ప్రీమియం చీపురు పిడి ఊడిన రోజు

కరోనా తగ్గి అరకుకి టూరిస్టులు మళ్లీ విరగబడిన ఏడాది అది. వలిసెపూల సీజన్ అయిపోయి, చలి కాస్త వెనక్కి తగ్గిన ఫిబ్రవరి నెల. లోయలోని ఒక రిసార్టులో నేను హౌస్ కీపింగ్ సూపర్‌వైజర్‌ని. అంటే గదులు, పక్కలు, బాత్రూములు శుభ్రంగా ఉంచే పదిమంది పని నా నెత్తిమీద ఉంటుంది. దిండు గలీబు మీద ఒక్క వెంట్రుక కనిపించినా మాట పడేది నేనే. విజయనగరంలో పుట్టినదాన్ని, మాటకి మాట అప్పజెప్పకుండా ఊరుకునే రకం కాదు. గెస్టుల ముందు మాత్రం నోరు కుట్టేసుకోవాలి.

నెలనెలా నేను ఇండెంట్ రాస్తాను. స్టోరు నుంచి ఏమేం కావాలో రాసిచ్చే చీటీ అది. అందులో చీపుర్లు వైజాగ్ నుంచి వచ్చేవి. ఆకుపచ్చ ప్లాస్టిక్ పిడి, మెరిసే కవరు, దానిమీద బంగారు రంగులో ‘ప్రీమియం’ అన్న ముక్క. ఒక్కోటి నూట ఎనభై. సంతలో కొండచీపురు యాభైకే వస్తుంది కదా అని ఎవరైనా అంటే, “ఊరికే అంత రేటు పెడతారా?” అని గదమాయించేదాన్ని.

అప్పుడొచ్చింది గురుబారి. నలభై ఏళ్లుంటాయి, హుకుంపేట దగ్గర కొండమీది ఊరు. పన్నెండుమంది ఆడవాళ్లు కలిసి గడ్డి కోసి చీపుర్లు కడతారు. సంతలో షావుకారు ఎంతంటే అంతకి ఇచ్చేసి రావడమే వాళ్ల బతుకు.

“మీరు ఏడాది పొడుగునా తీసుకుంతే ఆడి మొకం సూడక్కర్నేదు మేడమ్,” అంది.

“నాలుగు రోజుల్లో శాంపిల్ పట్రా, చూస్తాను,” అన్నాను.

తెచ్చింది. దాంతో గది ఊడిపిస్తే, అమ్మ బాబోయ్, గడ్డి నూగు! ఊడ్చిన చోటల్లా రాలింది. తెల్ల దుప్పటి మీద కూడా.

“ఏటిది? గది ఊడ్వడానికా, గదిలో గడ్డి ఆరబెట్టడానికా?” అని నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

“పచ్చి కుచ్చు మేడమ్. ఎండలో యేసి, బండకేసి కొట్టి నూగు దులపాల. మీరు బేగి తెమ్మన్నారని అలాగే కట్టీసి తెచ్చీసాను.”

తొందరపెట్టింది నేనే. అయినా ఒప్పుకుంటానా! “మాకు బ్రాండుదే సరిపోతుంది, వెళ్లిరా,” అన్నాను.

ఆమె కదల్లేదు. మూలనున్న మా ప్రీమియం చీపురు తీసి, కుచ్చుని వేళ్లతో దువ్వి చూసింది. ఎంత అని అడిగితే చెప్పాను.

“నూట ఎనబయ్యా! ఓలమ్మో!” అంటూనే పిడి మెలితిప్పి లాగేసింది.

“ఏయ్, ఏం చేస్తున్నావు!” నా కేకకి మేనేజరుగారు పరుగున వచ్చారు.

పిడి కింద గోధుమరంగు నార చుట్టి ఉంది. అడ్డాకు తీగ నుంచి చీల్చిన నార అది. గురుబారి దాన్ని వేలితో తడిమింది.

“ఇది మా కట్టు బాబూ. మూడు సుట్లు సుట్టి, కొస లోపలికి దోపీసి, పైన ఇంకో ముడి. మా ఊరోల్లే ఇలాగ సేత్తారు. మా కాడ కొన్న సీపురికే సొక్కా తొడిగి మీకు పంపినారు.”

“నార ఎవరైనా కడతారమ్మా,” అన్నారాయన.

ఆమె తన శాంపిల్ తెచ్చి పక్కన పెట్టింది. అదే నార, అవే మూడు చుట్లు, అదే ముడి. నేను ఊరుకోలేక స్టోరులోంచి మరో నాలుగు తెప్పించి పిడులు లాగాను. రెండింటికి ఇనుప తీగ ఉంది. మిగతా రెండింటికీ గురుబారి వాళ్ల కట్టే. మేనేజరుగారు కళ్లజోడు తుడుచుకుని ముడిని మళ్లీ చూశారు. నాకైతే చెంప ఛెళ్లుమన్నట్టయింది.

“పదిరోజులు టైమిస్తాను. ఎండబెట్టి, దులిపి తీసుకురండి,” అన్నాను. ఆమెని మీరు అనడం ఆ రోజే మొదలు.

తెచ్చాక ట్రయల్ పెట్టాం. కొత్త సరుకుని పాతదాని పక్కన పెట్టి ఒకే పనికి వాడి చూడటాన్ని మేం అలా అంటాం. ముందు ఆమె చీపురుని నల్లగుడ్డ మీద గట్టిగా విదిలించాను. నూగు రాలలేదు. పక్కపక్క గదుల్లో రెండు వారాలు రెండు రకాలూ వాడాం. గురుబారి చీపురుకి ఈనె విరగలేదు, కట్టు వదులవలేదు. నిజం చెప్పాలంటే ప్రీమియందీ బాగానే ఊడ్చింది. ఎందుకు ఊడ్వదు, చాలావరకు వీళ్లు కట్టినదే కదా! మేం ఎక్కువిస్తున్నది పిడికీ, కవరుకీ, దారిలో మారిన చేతులకీ.

మేనేజరుగారు గురుబారిని పిలిపించారు. “ఏడాది ఆర్డరు మీకే. ఒక్కోటి యాభై, సంత రేటే,” అన్నారు, ఏదో వరమిస్తున్నట్టు.

గురుబారి కొంగు నడుముకి బిగించింది. “యాబై సంత సీపురికి బాబూ. ఇది మీరు పరీచ్చ పెట్టి పాసు సేసిన సీపురు. వంద.”

ఆయన ఆదుకోమన్నట్టు నా వైపు చూశారు.

“వందకి తక్కువైతే ఇండెంట్ మీద నా సంతకం ఉండదు సార్,” అన్నాను.

ఆయన వంద రాశారు. గురుబారి వెళ్లి గేటు బయట కూర్చున్న తనవాళ్లకి చెప్పగానే వాళ్లు వేసిన కేకకి రిసెప్షన్‌లో గెస్టులు ఉలిక్కిపడి లేచి నిలబడ్డారు. నేను మాత్రం లోపల చీపురు పట్టుకుని పిచ్చిదానిలా నవ్వుకుంటున్నాను.

అప్పటినుంచి సబ్బయినా, ఫినాయిలయినా, పది రూపాయలదైనా వెయ్యి రూపాయలదైనా, కవరు విప్పి వాడి చూడందే సంతకం పెట్టను. ఒక్కోసారి ఖరీదైనదే గెలుస్తుంది. అప్పుడు సంతోషంగా అదే రాస్తాను. కానీ గెలిచి రావాలి.