బాలమణి పెట్టని పప్పుచారు

బాలమణి చేతి పప్పుచారు ఒక్కసారైనా తాగని తెలంగాణ ఇల్లు ఇంగ్లండ్‌లోని ఆ స్లౌ ఊళ్లో లేదు. అలాంటి మనిషి ఆర్నెల్లుగా ఇంట్లో పోపు వేయడమే మానేసింది. భర్త కిషన్‌రావుకు పక్షవాతం వచ్చి మింగే శక్తి పోయింది. ఏం మింగినా ఊపిరితిత్తుల్లోకి పోతుందని డాక్టర్లు పొట్టకు ట్యూబు పెట్టి, నోటికి చుక్క కూడా ఇవ్వొద్దన్నారు. వాళ్లదేం పోయింది, చెప్పి వెళ్లిపోతారు. మంచంలో మనిషిని ఎండబెట్టి పక్కగదిలో ఘుమఘుమలాడించడానికి బాలమణికి చేతులు రాలేదు. వంటగది తలుపేసుకుని నాలుగు ముద్దల పెరుగన్నం మింగేది.

ఆయనేమో రోజంతా టీవీలో చైనా వంటల సిరీస్ పెట్టించుకునేవాడు. ఒక్కో భాగంలో ఒక్కో ప్రాంతం. ఎండబెట్టిన చేపలు, కుండల్లో మాగబెట్టిన చిక్కుడు గింజలు, కొండల్లో ఏరుకొచ్చిన పుట్టగొడుగులు. కడుపు మాడేవాడికి ఇదేం పాపిష్టి సరదా అని ఆమెకు ఒళ్లు మండేది. "బంద్ చెయ్యనా?" అంటే వేలు అడ్డంగా ఊపేవాడు.

ఒక మధ్యాహ్నం సిచువాన్ వంతు. ఎవరో ముసలామె ఎండుమిరపకాయల మీద మరిగే నూనె పోసింది. చుయ్యిమంది. కిషన్‌రావు కళ్ల వెంట నీళ్లు కారాయి.

"చారు," అన్నాడు ముద్దమాటతో. "మణీ, ఒక్క చెంచా."

ఆమె వెల్లుల్లి, ఎండుమిర్చి పోపు పెట్టి చారు కాచింది. ఆయన చంటిపిల్లాడిలా నోరు తెరిచాడు. చెంచా పెదవి దాకా వెళ్లి ఆగిపోయింది.

"వద్దయ్యా. నా చేతుల్తోని నిన్ను సంపుకోలేను," అని చారంతా సింకులో పారబోసింది.

ఆ వారమే తన ఉమ్మి తనకే అడ్డంపడి, న్యుమోనియాతో ఆయన పోయాడు. చారు తాగకుండానే పోయాడు.

దహనం తర్వాత పిట్టకు పెట్టే రోజు వచ్చింది. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి బయట పెడితే, పిట్ట ముట్టగానే వాళ్లు తృప్తిపడ్డట్టు.

"అమ్మా, పప్పుచారు చెయ్యవా? డాడీకి ఫేవరెట్ కదా," అంది కూతురు స్నేహలత. బాలమణి వండింది.

గార్డెన్‌లో ఆకు వేశారు. ఒక పావురం దిగి చారన్నం ఆబగా పొడుచుకు తింది.

"చూసినవా వదినా, అన్న కడుపు నిండింది," అని పక్కింటి రత్నకుమారి కళ్లు తుడుచుకుంది.

"అది పావురం, రత్నా," అంది బాలమణి. "నా మనిషి ఆకలితోనే పోయిండు."