బస్సు వేళల చీటీలు

ఇన్సాఫ్‌కి నలభై తొమ్మిదేళ్ళు. అరబ్బు దేశంలో, అజ్లూన్ కొండల్లో ఒక ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో షుగరు క్లినిక్‌కి హెడ్ నర్సు. ఇరవై ఆరేళ్ళుగా డాక్టర్లనీ రోగులనీ ముగ్గురు పిల్లలనీ ఒంటిచేత్తో నెట్టుకొచ్చిన మనిషి. ఆరోగ్య సేవల నిర్వహణలో మాస్టర్స్ చేస్తానని ఇర్బిద్‌లో యూనివర్సిటీకి దరఖాస్తు పెట్టేసరికి, సైన్యంలో రిటైరై ఇంట్లో కూర్చున్న మొగుడు నాయిఫ్ నోరు నొక్కుకున్నాడు.

"మనవలకి అక్షరాలు దిద్దించే వయసులో నువ్వు పలక పడతావా, ఉమ్ సుహైల్?" అన్నాడు, పెద్దకొడుకు పేరుతో 'సుహైల్ తల్లీ' అని పిలుస్తూ.

"పలక నేను పడతా. గరిటె నువ్వు పట్టు."

పట్టాడు పాపం. పప్పూ బియ్యం కలిపి వండే ముజద్దరా ఒక్కటే ఆయనకి వచ్చు. రెండేళ్ళు ఆ ఇంట్లో అదే నడిచింది. ఎవరూ చిక్కిపోలేదు.

ఇన్సాఫ్‌ని చదువుకి తోసింది క్లినిక్ మెట్లు. పొద్దున ఆరింటికల్లా వాటి మీద సంచులు వరస కట్టేవి. సంచీ లేనివాళ్ళు ఒక చెప్పు విడిచేవాళ్ళు. అదే క్యూ. సంచీ ఎవరో జరిపారని ముసలమ్మలు ఒకళ్ళ తలగుడ్డలు ఒకళ్ళు పట్టుకున్న రోజులున్నాయి. పరగడుపున రక్తం ఇవ్వాలి కదా, వంతు వచ్చేసరికి మధ్యాహ్నమై కళ్ళు తిరిగి పడిపోయేవాళ్ళు. పై ఆఫీసువాళ్ళు ఒకసారి ఎవరి టైము వాళ్ళకి ఇచ్చి చూశారు. ఒక్కరూ ఆ టైముకి రాలేదు. మన జనానికి క్రమశిక్షణ లేదని తేల్చేసి చేతులు దులుపుకున్నారు.

ఆ మాట ఇన్సాఫ్‌కి గొంతులో ముల్లులా ఉండిపోయింది. థీసిస్ కోసం సెలవు పెట్టి, చుట్టుపక్కల పల్లెల బస్సులన్నీ తనే ఎక్కి తిరిగింది. తీరా చూస్తే, తొమ్మిదింటికి రమ్మన్న పల్లెకి బస్సు ఉన్నది ఆరింటికీ, మళ్ళీ పదింటికీ! క్రమశిక్షణ ఏం చేస్తుంది? బస్సు దిగే వేళ చూసి ఒక్కో పల్లెకీ ఒక్కో గంట చీటీ మీద రాసిచ్చింది. మూడు నెలలు తిరిగేసరికి మెట్ల మీద సంచీ అన్నది లేదు.

కానీ పని చేస్తే చాలదు, పెద్దలు ఒప్పుకోవాలి. థీసిస్ నిలబడితేనే చీటీలు ఉంటాయని, లేదంటే పాత క్యూనే గతి అని ఆరోగ్య కేంద్రం డైరెక్టరు ముందే చెప్పేశాడు. పరీక్షించడానికి రాజధాని అమ్మాన్ నుంచి వస్తున్నవాడు డాక్టర్ ముఅతసిమ్. ఆయన వస్తున్నాడంటే మగవాళ్ళే వైవా వాయిదా వేయించుకునేవాళ్ళు.

పదకొండింటికి వైవా. తొమ్మిదింటికి హాల్లో అడుగుపెట్టిన ఇన్సాఫ్ గుమ్మంలోనే ఆగిపోయింది. ముందు రెండు వరసల కుర్చీల్లోనూ సంచులు! పక్కన సేజ్ ఆకు వేసి కాచిన టీ ఫ్లాస్కులు, ఖర్జూరం బిస్కట్ల పళ్ళెం. వీటన్నిటికీ కాపలాగా, పెట్టె అడుగున దాచుకున్న కుట్టుపని గౌనులో హజ్జా ఫిద్దా. డెబ్బై ఏళ్ళది, హజ్ యాత్ర చేసొచ్చి హజ్జా అనిపించుకున్న మనిషి, షుగరు క్లినిక్‌లో అందరికంటే పాత రోగి.

"హజ్జా, ఇంత పొద్దున్నే ఎందుకొచ్చారు?"

"ముందు వరస దొరకొద్దూ! మన క్లినిక్ ఆడవాళ్ళం అందరం ఏడున్నరకే దిగాం, మిగతావాళ్ళు బయట చెట్టు కిందున్నారు."

ముఅతసిమ్‌గారి బృందం పావుతక్కువ పన్నెండుకి వచ్చింది. ఆయన అరగంట ప్రశ్నలడిగి, కళ్ళజోడు తీసి హాలు వైపు చూశాడు.

"టైము ఇస్తే మన జనం ఆ టైముకే వస్తారని రాశారు. ఈ తల్లులు మీ పేషెంట్లేగా? ఎన్నింటికొచ్చారు?"

ఇన్సాఫ్‌కి అబద్ధం ఆడటం రాదు, నిజం చెప్తే రెండేళ్ళ చదువు మట్టిపాలు.

"ఏడున్నరకి, నాయనా," అంది హజ్జా లేచి. హాల్లో మాట్లాడకూడదని ఎవరో సైగ చేశారు. ఆవిడ పట్టించుకుంటేనా! "డాక్టరు దగ్గరికైతే చీటీలో గంట చూసుకునే పోతాం. ఇది మా పిల్ల పెళ్ళిలాంటిది. పెళ్ళికి గడియారం చూసుకుని ఎవరొస్తారు? అయినా పదకొండని చెప్పి పావుతక్కువ పన్నెండుకి వచ్చింది మీరు. నీకూ ఒక చీటీ రాసిమ్మందునా?"

ముఅతసిమ్ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, కాగితం మీద ఏదో రాసుకుని, ఆపుకోలేక నవ్వేశాడు.

పరీక్షకులు కాసేపు బయటికెళ్ళొచ్చి పాసని ప్రకటించారు. ఒకే ఒక్క దిద్దుబాటు: హజ్జా చెప్పిన మాట చివరి అధ్యాయంలో, ఆవిడ పేరుతో సహా చేర్చాలట. ఆడవాళ్ళు నాలుకలాడిస్తూ పెట్టిన సంబరపు కేకలకి పక్క తరగతులవాళ్ళు పరిగెత్తుకొచ్చారు. వెనక వరసలో కూర్చున్న నాయిఫ్ కళ్ళు తుడుచుకుంటూ, రేపటి నుంచి గరిటె నీదేనన్నాడు. ఇన్సాఫ్‌కి కన్నీళ్ళూ నవ్వూ కలిసే వచ్చాయి. జన్మలో అంత సంతోషం ఎరగదు.

మర్నాడు హజ్జా చీటీ పదింబావుకి. పదీ పదికి బస్సు దిగి, ఖాళీ మెట్లెక్కి, నేరుగా కుర్చీలో కూర్చుని చెయ్యి చాపింది.

"సంచీ ఏదీ, హజ్జా?" సూది గుచ్చుతూ అడిగింది ఇన్సాఫ్.

"నిన్న ఆ హాల్లో కుర్చీ మీదే మర్చిపోయానే."

"అయ్యో! ఫోన్ చేసి తెప్పిస్తానుండు."

"వద్దు, అక్కడే ఉండనీ," అంది హజ్జా. "రేప్పొద్దున నువ్వు డాక్టరేటు కూడా చదువుతావుగా. ముందు వరసలో నా చోటు నాకుండాలి."