మామ తీసేసిన డాలర్లు

మేం కర్నూల్లో ఇల్లు కట్టుకుంటున్నప్పుడు ఇంజనీరు, మేస్త్రీ ఇద్దరూ ఉన్నా, అసలు అధికారం మాత్రం మా మామగారిదే. మా ఆయనకు కడప జిల్లా తుమ్మలపల్లె గనిలో ఉద్యోగం, ఆదివారాలు తప్ప ఇంట్లో ఉండరు. నేను కాలేజీలో వృక్షశాస్త్రం చెప్తాను, సాయంత్రం దాకా నాకు తీరదు. అందుకని మామగారు పల్లెలో చీనీకాయల తోట తన తమ్ముడికి అప్పగించి మా దగ్గరికి వచ్చేశారు.

ఆయనకు షాపులవాళ్ళ మీద మొదటి నుంచీ అనుమానం. ఒకరోజు ఇంటి సామాన్ల కోసం రెండు షాపులు తిరిగి, ఎండకు మొహం కందిపోయి ఇంటికొచ్చారు. మంచినీళ్ళు తాగి చెంబు కింద పెట్టక ముందే మొదలుపెట్టారు.

"ఏమ్మా, పాతబస్టాండు కాడ ఉండేటోడు ధర చెప్పి, టాక్స్ వేరే అంటాండాడు. నంద్యాల రోడ్డులో ఉండేటోడు అంతా కలిపే అంటాండాడు. ఎవురు మోసం చేస్తాండారో తెలీలే."

"ఎవరూ మోసం చేయడం లేదు మామా. టాక్స్ లేని ధర మీద టాక్స్ వేసి చూస్తే రెండూ సరిపోల్చుకోవచ్చు" అన్నాను.

"అన్ని సామాన్లకూ యాడ వేసేది? నా తల తిరిగిపోతాండాది."

ఆ రాత్రి వంటయ్యాక ల్యాప్‌టాప్ ముందు పెట్టుకుని ఒక చిన్న స్ప్రెడ్‌షీట్ తయారుచేశాను. ఒక వరుసలో సరుకు పేరు, పక్కన పాతబస్టాండు షాపు ధర, దాని పక్కన టాక్స్, ఆ పక్కన మొత్తం, చివర నంద్యాల రోడ్డు షాపు ధర. మేం కొనబోయే ఇనుప కమ్మీలు, పైపులు, వైర్లు, కొళాయిలు అన్నింటికీ ఒకటే రేటు, పద్దెనిమిది శాతం. అందుకని దాన్ని పట్టిక బయట, పైన మూలనున్న ఒక్క గడిలోనే రాశాను. మొదటి సరుకుకు ఫార్ములా కట్టి, ఆ గడి మూల పట్టుకుని కిందికి లాగగానే అన్ని సరుకులకూ టాక్స్ వచ్చేసింది.

మామగారు కళ్ళద్దాలు సర్దుకుని ముందుకు వంగారు. "ఏందీ, ఒక సాలు చూపిస్తే తక్కినవన్నీ అదే దున్నుకుంటాదా? ఏదీ, నన్ను లాగనీ."

లాగారు. చెరిపి మళ్ళీ లాగారు. నేను పడుకోబోయేసరికి కూడా లాగుతూనే ఉన్నారు. మర్నాటి నుంచి షీటు ఆయనదైపోయింది. నేను కాలేజీకి వెళ్ళాక కొత్త సరుకులు ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ కొట్టేవారు. సాయంత్రం నేను రాగానే, "తలుపు బందులు కూడా ఎక్కించినా" అని చెప్పేవారు. పిల్లవాడు మార్కులు చెప్పినట్టుండేది ఆ చెప్పడం.

నాలుగైదు రోజులు గడిచాయి. ఒక మధ్యాహ్నం క్లాసు అయి బయటికి వస్తుంటే పాతబస్టాండు షాపాయన ఫోను చేశాడు. సరుకు గురించి ఏమైనా అడగాలంటే చేయమని అంతకుముందు నేనే ఆయనకు నా నంబరు ఇచ్చాను.

"మేడం, మీ మామగారు మా షాపులో కూచోనుండారు. శానా కోపంగా ఉండారు. కమ్మీలకు తప్ప దేనికీ టాక్స్ లేదంట. మీ కంప్యూటర్ చెప్పిందంట. మీరొక్కసారి వస్తే బాగుంటాది."

ఆటో ఎక్కి వెళ్ళాను. షాపు ముందు పది మంది దాకా గుమిగూడి ఉన్నారు. లోపల బల్ల మీద, పెయింటు డబ్బాల మధ్య మా ల్యాప్‌టాప్ తెరిచి ఉంది. మామగారు దాన్ని టవల్లో చుట్టి, సంచిలో పెట్టుకుని ఇంటి నుంచి తెచ్చారు. ఆయన ఒక ప్లాస్టిక్ కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నారు. చేతిలో టీ గ్లాసు. ఆ టీ ఎవరు తెప్పించారో గాని, తగాదా మాత్రం ఆగలేదు.

"రామ్మా, రా. నువ్వే చెప్పు వీనికి" అన్నారు నన్ను చూసి. "ఈ షీటు చేసింది మా కోడలప్పా. కాలేజీలో చదువు చెప్తాది. ఇందులో తప్పుంటాదా?"

సరుకు కొనడానికి వచ్చినవాళ్ళలో వేరే మేస్త్రీ ఒకడు అప్పటికే మామగారి పక్షం చేరిపోయాడు. "పెద్దాయనకు తీసేస్తే మాకూ తీసెయ్యాలప్పా టాక్సు. ఒక్కొక్కరికి ఒక్కో న్యాయమా?" అంటున్నాడు.

షాపాయన నెత్తి పట్టుకున్నాడు. "నేను తీసేదేంది భాయ్, అది గవర్నమెంటుది!"

నేను షీటు చూశాను. కమ్మీల పక్కన టాక్స్ సరిగానే ఉంది. దాని కింద పైపులకు సున్నా, వైర్లకు సున్నా, కొళాయిలకు సున్నా, తలుపు బందులకు సున్నా. మొత్తం చూస్తే నంద్యాల రోడ్డు షాపు కన్నా ఇది ఎంతో చవక. ఆ అంకె చూసుకునే మామగారు పొద్దున్నే వచ్చి ఈ షాపులో మొత్తం సరుకు ఇవ్వమన్నారు. తీరా బిల్లు చేతికొచ్చేసరికి అన్నింటికీ టాక్స్ పడి ఉంది.

కమ్మీల గడి మీద నొక్కి ఫార్ములా చూశాను. రేటున్న గడి పేరుకు ముందు, మధ్యలో నేను పెట్టిన డాలర్ గుర్తులు లేవు.

"మామా, ఇందులో డాలర్లు ఉండాల కదా. ఏమైనాయి?"

"నేనే తీసేసినా" అన్నారు ఆయన ఏ మాత్రం తొణక్కుండా. "మనం కొంటాండేది కర్నూల్లో. ఇచ్చేది రూపాయలు. మధ్యలో డాలర్లు ఏలకు? చదువుకున్నదానివి, అలవాటు చొప్పున పెట్టినావేమో అనుకుంటి. తీసేసి, నువ్వు నేర్పినట్టే కిందిదాకా లాగినా."

నాకు నవ్వు తన్నుకొచ్చింది. అంతమందిలో నవ్వితే ఆయన చిన్నబుచ్చుకుంటారని పెదవి కొరుక్కున్నాను. డాలర్లు మళ్ళీ పెట్టి, కిందికి లాగాను. సున్నాలన్నీ పోయి ఒక్కొక్కదానికీ టాక్స్ వచ్చి కూర్చుంది. అడుగున మొత్తం ఒక్కసారిగా పెరిగింది.

మామగారు గభాలున కుర్చీలోంచి లేచారు. "చూస్తిరా! నేను చెప్పలే? డాలర్ పెడ్తానే ధర యాడికి పోయిందో చూడండి!"

"అవునబ్బా, పెరిగిపాయ" అన్నాడు మేస్త్రీ. వెనక ఎవరో డాలర్ రేటు ఈ మధ్య శానా ఎక్కువైందని కూడా అన్నారు.

ఇక లాభం లేదని మామగారి పక్కన నిలబడి చెప్పాను. "మామా, అది డబ్బు కాదు, గొర్రెను కట్టేసే గూటం. కట్టెయ్యకుండా ఇడిస్తే పక్క చేనుకు పోతాది కదా. ఈ రేటు గడి కూడా అంతే. కట్టెయ్యకపోతే, కిందికి లాగినప్పుడంతా అదీ ఒక్కో గడి కిందికి జారిపోతాది. ఆడ ఏమీ లేదు కాబట్టి సున్నా వస్తాది. డాలర్ పెడితే కదలదు."

 ఆయన నన్ను పక్కకు జరగమని, తనే డాలర్లు తీసి లాగారు. సున్నాలు. పెట్టి లాగారు. అంకెలు. మళ్ళీ తీశారు, మళ్ళీ పెట్టారు.

"గూటం అయితే గూటం బొమ్మ పెట్టాల గదా" అన్నారు చివరికి. "డాలర్ బొమ్మ పెడితే ఎవునికైనా ఏం తెలుస్తాది?"

"అదీ నిజమే" అన్నాడు షాపాయన. మేస్త్రీ తన సంచి తీసుకుని మెల్లగా జారుకున్నాడు.

ఆ బిల్లు పక్కన పెట్టించి, ఆలోచించుకుని వస్తామని చెప్పి ఇంటికొచ్చాం. సరిచేసిన షీటులో చూస్తే రెండు షాపులకూ తేడా దాదాపు ఏమీ లేదు. నంద్యాల రోడ్డు షాపు ఓ పిసరు చవక, అంతే. మరి అక్కడే కొందామా అని అడిగాను.

 భోజనం అయ్యాక మామగారు ల్యాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టారు. "ఇంకో వరుస పెట్టుమ్మా ఇందులో."

"ఏం రాయాల మామా?"

"టీ."

"టీనా?"

"నంద్యాల రోడ్డోడు నన్ను అంతసేపు నిలబెట్టే మాట్లాడినాడు. కూచోమని కూడా అనలే. ఈయన, నేను ఆయన్ని నోటికొచ్చినట్టు తిడతాంటే, మనిషిని పంపిచ్చి టీ తెప్పిచ్చినాడు. పైగా చక్కెర ఎంత ఎయ్యాలని అడిగినాడు. అది లెక్కలోకి రాదా?"

వరుస పెట్టాను. పాతబస్టాండు షాపు కింద అవును అని, ఇంకోదాని కింద లేదు అని ఆయనే కొట్టారు. మర్నాడు వెళ్ళి పాతబస్టాండు షాపులోనే సరుకంతా చెప్పి, టాక్స్ మారుమాట లేకుండా కట్టి వచ్చారు. బండి బాడుగ మాత్రం ఇవ్వనని పట్టుబట్టి మాఫీ చేయించుకున్నారు.

ఆదివారం మా ఆయన వచ్చి షీటు తెరిచారు. చాలాసేపు చూసి, మామగారికి వినపడకుండా నన్ను అడిగారు: "సరే గాని, కొళాయిలు బాగున్నాయా అని ఎవరన్నా చూసినారా?"

చూడలేదు. ఇద్దరం చెప్పులేసుకుని, సరుకు దింపిన కట్టుబడి దగ్గరికి బయల్దేరాం.